బాపు చేతిలో సాంచా

మా బాపు పొద్దున లేవగానే దేవుడికి దండం పెట్టడు, చాయ్ అడగడు. కుడి అరచెయ్యి తీసుకెళ్లి ఎడమ మోచేతి మీద ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఓ రెండు నిమిషాలు. అప్పుడు ఇంట్లో ఎవరూ ఆయనను కదిలించకూడదు. కళ్లు తెరిచాక "నడుస్తున్నది" అంటాడు. ఆ తర్వాతే చాయ్.

ఆ నడిచేది ఏమిటో ముందే చెప్పాలి. మా బాపుకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు కోరుట్ల నుంచి జగిత్యాల పోయి, ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ పక్కన నాలుగు గంటలు పడుకుంటాడు. ఒంట్లో నెత్తురు ఒక గొట్టంలోంచి మిషన్లోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగి రావాలి. అంత జోరుగా నెత్తురు ఇవ్వడం మామూలు నరానికి చేతకాదు. అందుకని చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు దాన్ని. కుట్టు నిలిస్తే ఆ నరం ఉబ్బుతుంది, మీద చెయ్యి పెడితే లోపల జుమ్మని ఒకటే అదురు. ఆ అదురు ఉన్నన్నాళ్లు డయాలసిస్ ఉంటుంది. డయాలసిస్ ఉన్నన్నాళ్లు మా బాపు ఉంటాడు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

బాపు సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అనే అంటారు. ఒక్క మనిషి ఎనిమిది సాంచాలు చూసుకునేవాడు. ఆ షెడ్డు చప్పుడులో పక్కన నిలబడ్డవాడి మాట కూడా వినపడదు. అందుకే అక్కడ మాట్లాడాలంటే ముందు భుజం తట్టి, మొహం చూపించి, చేతులతోనూ పెదవులతోనూ చెప్పుకుంటారు. షెడ్డు ఆ చివర ఉన్నవాడు ఏమంటున్నాడో ఈ చివర నుంచి నోరు చూసి చెప్పేస్తారు. బాపు చెవులు సగం అక్కడే పోయాయి. కానీ ఏ సాంచా నడక మారినా ఆయనకు తెలిసిపోయేది. నా చిన్నప్పుడు సద్దిగిన్నె పట్టుకుని పోతే, ఏదో ఒక సాంచా చట్రం మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉండేవాడు. తినమని సైగ చేస్తే, ఆగమని వేలు చూపించేవాడు. కాసేపటికి దాన్ని ఆపి, లోపల వదులైన బోల్టొకటి తీసి నా చేతిలో పెట్టేవాడు. నాకది గారడీలాగే ఉండేది.

షెడ్డులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరి సాంచాను ఇంకొకరు ముట్టరు. ఆగిపోయి ఉన్నా సరే, దాని మనిషిని పిలుస్తారు తప్ప చెయ్యి వెయ్యరు.

అమ్మ పోయాక బాపును నేను కోరుట్ల తెచ్చుకున్నాను. నాకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. అందులో పనికి నేనొకర్తినే, కాబట్టి రోజంతా హడావిడి, దానికి తోడు నా నోరు. నా కుట్టుమిషన్ చప్పుడు కాస్త మారితే చాలు, కింద దారం అయిపోయిందని చూడకుండానే చెబుతాను. అంతటి దాన్ని, కన్నతండ్రి చెయ్యి చెప్పిన మాట నమ్మలేదు. ఆ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు, ఇక్కడ చెబుతున్నాను.

బాపుకు మొదటి ఫిస్టులా ఎడమ మణికట్టు దగ్గర పెట్టారు. అప్పుడు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో చూపించేవాళ్లం. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు బాపు నన్ను పిలిచి, "బిడ్డా, దీని నడక మారింది. డాక్టర్‌కు జెప్పు" అన్నాడు. నేను చెయ్యి పెట్టి చూశాను. జుమ్మంటూనే ఉంది. "మంచిగనే ఉన్నది బాపూ, నీకన్నీ అనుమానాలే" అన్నాను. ఆసుపత్రిలో ఆయనను మంచం మీద పడుకోబెట్టి, గది ఆ చివర బల్ల దగ్గర కాగితాలు రాసుకునేవాళ్లు నన్ను అడిగారు, ఏమైనా ఇబ్బంది ఉందా అని. నేను, "ఏం లేదు, మంచిగనే ఉన్నడు" అన్నాను. చెబితే ఆ పరీక్ష, ఈ పరీక్ష అంటారు, సాయంత్రానికి ఇవ్వాల్సిన బ్లౌజులున్నాయి. బాపు దగ్గరికి వచ్చి, "చెప్పిన బాపూ, ఏం కాదన్నరు" అని అబద్ధం చెప్పాను.

మూడో రోజుకు ఆ అదురు ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

తర్వాత రెండు నెలలు మెడలో గొట్టం. దానికి చీము పట్టి, చలిజ్వరం వచ్చి, మంచం మంచమంతా ఊగిపోయేలా వణికాడు. తేరుకున్నాక మోచేతి దగ్గర రెండో ఫిస్టులా పెట్టారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, కుడిచేతి నరాలు పనికిరావని, ఇది పోతే ఇక మెడలో గొట్టమే గతి అని, దాంతో ఎన్నాళ్లో చెప్పలేనని అన్నాడు. ఇంటికొచ్చి ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, "ఇదే ఆఖరు సాంచా. గంతే గద" అన్నాడు బాపు.

అప్పటి నుంచి ఆయన తన చెయ్యి గురించి ఎవరికీ ఏమీ చెప్పడం మానేశాడు. అడిగితే ఒకటే మాట, "నడుస్తున్నది". ఆసుపత్రి వాళ్లు తన మాట పట్టించుకోలేదన్న కోపం అనుకున్నాను నేను. ఆ మాట ఆసుపత్రి దాకా పోనే లేదని నాకొక్కదానికే తెలుసు. ప్రతి పొద్దునా ఆయన కళ్లు మూసుకుని కూర్చుంటే, నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

రెండో ఫిస్టులా పనికొచ్చే వేళకు డయాలసిస్‌ను జగిత్యాలకు మార్చుకున్నాం, అక్కడ మాకొక సిస్టర్ దొరికింది. దొరికిందనే అంటాను. బీర్పూర్ వైపు మనిషి. వాళ్లమ్మ ఊళ్లో వాళ్ల పొలాలకు నాట్లకు, కలుపుకు పోయి ఆమెను చదివించిందట. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. ముప్పై అయిదేళ్లుంటాయేమో, మనిషి సన్నగా, మాట నిదానం. నాకైతే మొదట ఆ నిదానం చూస్తేనే ఒళ్లు మండింది.

అక్కడ మొదటి రోజే బాపు కొంప ముంచినంత పని చేశాడు. సూదులు పెట్టి, మిషన్ నడుస్తూ గంట అయిందో లేదో, ఏదో కారణానికి మిషన్ మోత మొదలుపెట్టి ఆగిపోయింది. అవి అట్లా మోగుతూనే ఉంటాయి, సిస్టర్లు వచ్చి మీట నొక్కిపోతారు. కానీ నలభై ఏళ్లు సాంచా ఆగితే ఉరికిన మనిషికి అదంతా ఏం తెలుసు? గబుక్కున లేచి కూర్చుని, సూదులున్న చేతినే మిషన్ మీదికి చాపాడు. సూది నరంలోంచి పక్కకు జారింది. చూస్తుండగానే మోచెయ్యి వంకాయ రంగుకు తిరిగి ఉబ్బిపోయింది.  ఆఖరు సాంచా, అదీ మొదటి రోజే.

ఆ సిస్టర్ ఎట్లా వచ్చిందో, వచ్చి మిషన్ ఆపి, సూది తీసి, బొటనవేలితో ఆ చోట నొక్కి పట్టుకుంది. ఇరవై నిమిషాలు అట్లాగే వంగి నిలబడింది. నేను బాపును నోటికొచ్చినట్టు తిడుతున్నాను. వార్డులో ఎవరో, "ముసలాయన చెయ్యి మంచానికి కట్టేయుండ్రి, లేకుంటే మల్ల గిట్లనే చేస్తడు" అన్నారు. నాకూ అదే నయమనిపించింది. ఆమె మాత్రం నొక్కిన వేలు తీయలేదు. నెత్తురు ఆగాక స్టూలు లాక్కుని బాపు ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె నోటి వైపు చూస్తూ తికమకపడుతుంటే కనిపెట్టి, కాస్త వెనక్కి జరిగి మాస్క్ కిందికి దించింది.

"ఎందుకు లేచినవ్ బాపూ?"

బాపు తల వంచుకున్నాడు. నేనే చెప్పాను. "సాంచాలు నడిపిండు సిస్టర్. మిషన్ ఆగితే ఆయన చెయ్యి ఊకోదు."

ఆమె నా వైపు చూడలేదు. ఆయననే అడిగింది. "షెడ్డుల ఎన్ని సాంచాలుండె?"

"నాయి ఎనిమిది."

"పక్కోళ్లయి ఆగితే నువ్వు పోయి నడుపుదువా?"

"ఎట్ల ముట్టుత? ఎవ్వని సాంచా వానిది. పిలుస్తం గంతే." ఆ మాట అంటుంటే బాపు నడుము నిటారుగా అయింది. సాంచాల గురించి ఆయనను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో.

ఆమె మిషన్ వైపు చూపించింది. "అయితే ఇను బాపూ. గీ మిషన్ నాది. మొత్తుకున్నా, ఆగినా నువ్వు ముట్టద్దు, నన్ను పిలువు. గా చెయ్యి నీది. నిన్ను అడగకుంట నేను దాన్ని ముట్ట."

బాపు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత తలూపాడు.

నేను ముక్కున వేలేసుకున్నది ఆ మాటకు కాదు. మాటలు ఎవరైనా అంటారు. ఆమె దాన్ని నిలబెట్టుకుంది, అదీ సంగతి. వచ్చిన ప్రతిసారీ ముందు భుజం తడుతుంది. తర్వాత ఖాళీ అరచెయ్యి చాచి నిలబడుతుంది. బాపు తనంతట తాను ఎడమచెయ్యి తెచ్చి ఆ అరచేతిలో పెట్టే దాకా ఆగుతుంది. వార్డంతా నిండి ఉంటుంది, ఒక పక్క ఫోన్లు, ఇంకో పక్క ఎవరికో వాంతులు. అయినా సరే ఆగుతుంది. "ఇయ్యాల ఎక్కడ పెట్టాలె?" అని అడుగుతుంది. ఆయన వేలితో చూపించిన చోట, సరైనదైతే అక్కడే, కాకపోతే ఎందుకు కాదో చెప్పి పక్కన, సూది పెడుతుంది. ఆ సూదులు చూశారా మీరు? గోనెసంచి కుట్టే దబ్బనమంత ఉంటాయి. బాపు మొహంలో ఒక్క గీత కూడా కదిలేది కాదు. నెలల తరబడి అది చూస్తూ కూడా నాకు అలవాటు కాలేదు. ప్రతిసారీ కళ్లప్పగించి చూసేదాన్ని. మా ఇంట్లో నలుగురం ఉన్నాం, ఆయనను పిలవాలంటే వెనక నుంచి రెక్క పట్టి లాగుతాం.

సూది పెట్టాక ఇంకో ప్రశ్న. "ఎట్ల నడుస్తున్నది బాపూ?"

"నడుస్తున్నది బిడ్డా."

ఆమెను బిడ్డా అనడం ఆయన ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియదు. మొదట విన్నప్పుడు కాస్త కుళ్లుకున్నాను కూడా.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున బాపు మామూలు కంటే చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చాయ్ చల్లారిపోయింది. కళ్లు తెరిచి, "నడుస్తున్నది" అని నాతో అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. కానీ పెళ్లి బట్టలు నెత్తి మీద ఉన్నాయి, బస్సు వేళవుతోంది. అడగలేదు. చూడండి, మనిషికి బుద్ధి ఎంత ఆలస్యంగా వస్తుందో.

జగిత్యాలలో సిస్టర్ భుజం తట్టింది, అరచెయ్యి చాచింది. బాపు చెయ్యి ఇవ్వలేదు. ముందు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"బిడ్డా, దీని నడక మారింది."

వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మిషన్లు మోగుతున్నాయి. నాకు మాత్రం అంతా ఆగిపోయినట్టయింది. అవే మాటలు.

"ఎట్ల మారింది?" అంది ఆమె.

"మొన్నటిదాక జుమ్మని ఒక్కతీరుగ నడిచింది. ఇప్పుడు మధ్యల మధ్యల కొట్టుకుంటున్నది. పోగు గట్టిగ గుంజి పట్టిన సాంచా గట్లనే కొట్టుకుంటది. ఇంకొన్నాళ్లకు తెగుతది."

ఆమె వేళ్లు పెట్టి చూసింది. స్టెతస్కోప్ పెట్టి విన్నది. కళ్లు మూసుకుని మళ్లీ వేళ్లు పెట్టింది. నేనూ ఆగలేక చెయ్యి పెట్టాను. జుమ్మంటూనే ఉంది. నా నోరు ఊరుకుంటుందా! "మంచిగనే ఉన్నది గదా" అన్నాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను. ఒకసారి ఆయన చెయ్యి పోగొట్టిన మాటే మళ్లీ నా నోట్లోంచి వచ్చింది.

ఆమె డ్యూటీ డాక్టర్‌ను పిలిచింది. చిన్న వయసు, మంచివాడే. చెయ్యి చూసి, ఆ పూట డయాలసిస్ మొదలయ్యాక మిషన్ మీద అంకెలూ చూశాడు. "ప్రెషర్లన్నీ నార్మల్‌గ ఉన్నయి. వచ్చే వారం చూద్దాం" అన్నాడు.

"సార్, స్కాన్‌కు రాయుండ్రి. నడక మారిందంటున్నడు ఆయన."

"మీకు తేడా తెలిసిందా సిస్టర్?"

"లేదు సార్."

"మరి?"

"నాకు తెల్వలేదు సార్. ఆయనకు తెలిసింది."

గొంతు పెంచలేదు, వాదించలేదు. అరచెయ్యి చాచి బాపు ముందు నిలబడ్డట్టే డాక్టర్ ముందూ నిలబడి ఉంది, అంతే.  తన వేళ్లకు అందనిదాన్ని, తన చెవికి వినపడనిదాన్ని, మిషన్ కాదన్నదాన్ని, ఒక ముసలి సాంచా కార్మికుడు అన్నాడని ఆమె నిజం అనుకుంది. కన్నకూతురిని, నేను అనుకోలేదు. డాక్టర్ ఆమెను చూశాడు, బాపును చూశాడు. వంగి మళ్లీ ఒకసారి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. లేచి చీటీ రాశాడు. ఆ సాయంత్రమే స్కాన్ జరిగేలా ఆమె తన ఫోన్ నుంచి కరీంనగర్‌కు మాట్లాడింది.

కరీంనగర్‌లో స్కాన్ చేసిన డాక్టర్ తెర మీద చూపించాడు. కుట్టుకు కాస్త పైన నరం సన్నబడి, దారప్పోగంత దారి మిగిలింది. "ఇంకో రెండు మూడు రోజులైతే మూసుకుపోయేది. ఎవరు పట్టుకున్నరు దీన్ని?" అని అడిగాడు. నేను బాపును చూపించాను. ఆయనకు వినపడలేదు. తెర మీద తన నరాన్ని, సాంచా లోపలికి తొంగి చూసినట్టు చూస్తున్నాడు. మర్నాడు అక్కడే నరంలోకి సన్న తీగ పంపి, చిన్న బెలూన్‌తో దారి వెడల్పు చేశారు. బయటకు తీసుకురాగానే బాపు అరచెయ్యి ఆనించుకున్నాడు. నేను ఆయన మొహం చూస్తున్నాను. "వడ్డది తొవ్వల" అన్నాడు, మళ్లీ దారిలో పడిందని. అక్కడే గోడకానుకుని ఏడ్చాను.

మళ్లీ జగిత్యాల పోయిన రోజు సిస్టర్ ఎప్పటిలాగే భుజం తట్టింది, అరచెయ్యి చాచింది. బాపు చెయ్యి ఇచ్చాడు. "ఎట్ల నడుస్తున్నది?" "పాతతీరు." అంతే వాళ్లిద్దరి ముచ్చట. నాకే ఉండబట్టక, ఆమె చేతులు కడుక్కుంటుంటే పోయి అడిగాను. "మీకు తెల్వలేదంటిరి. మరి ఎట్ల నమ్మిన్రు సిస్టర్?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "మిషన్ నాది అక్కా, చెయ్యి ఆయనది. మొదటి నాడే గట్ల ఒప్పుకున్నం గదా."

ఆ సాయంత్రం బస్సులో బాపు ఫైలు తెరిచి, ఆమె రాసిన కాగితం తీసి నాకిచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "ఆ దినం ఏం రాసిందో సదువు" అన్నాడు. చదివాను. నడక మారిందని పేషంట్ చెబుతున్నాడు, మిషన్ అంకెలు మామూలుగా ఉన్నాయి, పేషంట్ మాట మీద స్కాన్ కోరడమైనది, అని ఉంది.

"నేను జెప్పిందే రాసిందా?"

"నువ్వు జెప్పిందే."

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. చదువుతుంటే మా ఇంట్లో అల్మారాలో ఉన్న పాత ఫైలు గుర్తొచ్చింది. అందులో ఆ రోజు కాగితం మీద, ఏ ఇబ్బందీ లేదు, అని ఉంటుంది. ఆసుపత్రి వాళ్ల రాత, మాట మాత్రం నాది. ఇక నా వల్ల కాలేదు. "బాపూ, ఆనాడు నువ్వు జెప్పిన మాట నేను వాళ్లకు జెప్పలే" అన్నాను. బస్సు మోతలో ఆయనకు వినపడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

భుజం తట్టాను. ఆయన తిరిగాక నా మొహం చూపించి, షెడ్డులో వాళ్లు చేసినట్టు చేతులతో, పెదవులతో, మెల్లగా చెప్పాను. చెప్పలేదు బాపూ. నీతో అబద్ధమాడిన.

"ఎరుకే బిడ్డా" అన్నాడు. "గప్పుడే సూసిన."

 గది ఈ చివర మంచం మీద పడుకుని, ఆ చివర బల్ల దగ్గర నా నోరు చూశాడు. ఏం లేదు, మంచిగనే ఉన్నడు. ప్రతి మాటా చూశాడు. అంతా తెలిసే, ప్రతి పొద్దునా కళ్లు తెరిచి నాకు, "నడుస్తున్నది" అని చెబుతూ వచ్చాడు. నేను భయపడతానని.

"మరి ఒక్కసారన్న ఎందుకు అడగలే నన్ను?"

ఆగమన్నట్టు వేలు చూపించాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, నేను లాక్కోబోతే వదలకుండా, తన ఎడమ మోచేతి మీద ఆనించాడు.

"ఎట్ల నడుస్తున్నదో సూడు" అన్నాడు.

ఈసారి నేను తొందరపడి ఏమీ అనలేదు. కళ్లు మూసుకున్నాను. కోరుట్ల బస్టాండ్ వచ్చేదాకా చెయ్యి తీయలేదు.